పునాస హెడర్ మీద కుట్టిన గొంతు

మున్సిపల్ ఆఫీసులో పాత హెడర్ ఫైళ్ళు తీసేసిన మంగళవారం పొద్దున్న, పార్వతీపురం బస్సు ఏ ప్లాట్‌ఫారం మీద ఉందో చెబుతూ చెబుతూ ఉండగా, బస్ కాంప్లెక్సులో అనౌన్సరు సన్యాసమ్మ గొంతు గెడ్డపేట ఊరికి వినబడడం మానేసింది. ఆ ఫైళ్ళు తీసేసింది ఆవిడ మొగుడు చిన్నంనాయుడే. ఇందులో వింతేమీ లేదు. గెడ్డపేటలో కెర్నల్ మారినప్పుడల్లా ఎవరికో ఒకరికి ఏదో ఒకటి పోతూనే ఉంటుంది. పోయినసారి మారినప్పుడు కూరగాయల వీధిలో సగం మందికి ఎడమ చెయ్యి పలకలేదు. బాగయ్యేదాకా కుడిచేత్తోనే తూకాలు వేసి, ఆ కుడిచేత్తోనే దణ్ణాలు పెట్టుకున్నారు.

ఎరగనివాళ్ళ కోసం రెండు ముక్కలు చెప్పాలి. కంప్యూటరు నడిచినట్టే గెడ్డపేట కూడా నడిచేది కెర్నల్ మీద. కొళాయిలో నీళ్ళు రావడం, వీధి దీపం వెలగడం, ఒకరి మాట ఇంకొకరి చెవిన పడడం, అన్నీ దాని చలవే. పైగా అది ఓపెన్ సోర్సు కెర్నల్. దానికి సొంతదారంటూ లేడు. ఎవరైనా విప్పి చూడొచ్చు, మార్చుకోవచ్చు, పక్కింటివాళ్ళకి ఊరికే ఇవ్వొచ్చు. అంత స్వేచ్ఛ ఉంది గనకనే ఇన్నేళ్ళలో ఒక్కరూ దాన్ని విప్పి చూసిన పాపాన పోలేదు.

ఇక హెడర్ ఫైలంటే దర్జీకిచ్చే ఆది జాకెట్టు లాంటిది. ఆది లేకపోతే కొత్త జాకెట్టు ఒంటికి పట్టదు. గెడ్డపేటలో పుట్టిన పిల్లకి ఏడుపొక్కటే ఊరికే వస్తుంది. మాట్లాడే గొంతు ఏదో ఒక కంపెనీది వేయించాలి. ఆ కంపెనీవాళ్ళు హెడర్‌లో ఉన్న ఊరి కొలతలు చూసి, ఊరికి వినబడేలా గొంతు కుట్టి ఇస్తారు. కెర్నల్ మారితే కొలతలు మారతాయి, కొత్త హెడర్ వస్తుంది. కంపెనీ బతికుంటే వాళ్ళే గొంతును కొత్త కొలతకి సరిచేస్తారు, మనిషికి తెలియను కూడా తెలియదు. కంపెనీ మూతబడితే మాత్రం ఆ మనిషి పాత హెడర్ మీదే నెట్టుకొస్తాడు. అతను నోరు విప్పినప్పుడల్లా ఊరు ఆ పాత ఆది తీసి చూసుకుని, ఓహో ఇతనిది ఇలా కదా అని సర్దుకుంటుంది. ఊళ్ళకి అప్పట్లో ఆ మాత్రం ఓపిక ఉండేది.

ఆఫీసు వెనక చావిడిలో హెడర్ సెక్షను, అందులో గుమాస్తా చిన్నంనాయుడు ఒక్కడే. ఒక్కో కెర్నల్‌ని ఊరివాళ్ళు ఒక్కో పేరుతో పిలిచేవారు. తొలకరి కెర్నల్, పునాస కెర్నల్, తుఫాను ఏటి కెర్నల్. దేని హెడర్ని దాని పేరుతో మూటగట్టి బీరువాలో పెట్టడం నాయుడి ఉద్యోగం. పాతవి తీసెయ్యమని ఎవరూ అనలేదు, తీసెయ్యాలని అతనికీ తోచలేదు. ఉంటే తిండి అడుగుతాయా? బీరువాలు నిండాయి, బీరువాల మీద మూటలు లేచాయి, కిటికీ కనబడకుండా పోయింది, చివరికి నాయుడి కుర్చీ వరండాలోకి వచ్చింది. సర్వీసులో ఒక్క మెమో కూడా అందుకోని మనిషి గనక వరండాలో కూర్చున్నా నిశ్చింతగానే ఉండేవాడు.

ఉగాది ముందు అమావాస్యకి కొత్తమాస కెర్నల్ వచ్చినప్పుడు చిక్కు వచ్చింది. లోపల జాగా లేక అది సగమే దిగింది. మెయిన్ రోడ్డుకి తూర్పు పక్క కొత్త కెర్నల్, పడమటి పక్క పాతది. ఇటువైపు కొళాయి తిప్పితే అటువైపు నీళ్ళొచ్చాయి. రోడ్డుకి అటూ ఇటూ నిలబడి మాట్లాడుకునే వియ్యంకులకి ఎదుటివాడి మాటల్లో మంచివి మాత్రమే వినబడి ఒక వారం చాలా సఖ్యంగా గడిచింది. కమిషనరు గారు చావిడి చూశారు, ముక్కు మూసుకున్నారు, ఆర్డరు వేశారు. ఇప్పటి హెడర్, దాని ముందుది, ఈ రెండే ఉండాలి. తక్కినవన్నీ తీసెయ్యాలి.

"పాతవాటి మీద ఎవరైనా బతుకుతున్నారేమో సార్," అన్నాడు నాయుడు.

"అడగండి. మైకులో చెప్పించండి. అభ్యంతరం ఉన్నవాళ్ళు స్వయంగా వచ్చి నాకు నోటితో చెప్పాలి. కాయితాలొద్దు. హెడర్లకే జాగా లేకపోతే కాయితాలెక్కడ పెడతాం?"

ఊరికి మైకంటే సన్యాసమ్మే. ఆవిడ గొంతు వింటే బస్సు తప్పిపోయినవాడికి కూడా ఇంకో బస్సు ఉందనే ధైర్యం వచ్చేది. 'పాత హెడర్ల మీద గొంతులు, చేతులు, కాళ్ళు ఉన్నవారు సోమవారంలోగా కమిషనరు గారిని కలవగలరు' అని ఆవిడే ప్రతి బస్సు వెనకా చెప్పింది. ఎవరూ కలవలేదు. పలికినంతకాలం తన గొంతు ఏ ఆది మీద ఉందో ఎవరు చూసుకుంటారు? సన్యాసమ్మ చూసుకోలేదు. ఊరందరి హెడర్లూ చూసే నాయుడు ఇంటిది చూడలేదు. చిన్నప్పుడు ఆవిడకి గొంతు వేసింది కోకిల కంపెనీ. కుట్లన్నీ లోపలికి మడిచి సీలు వేసి అమ్మేవారు. ఆ కంపెనీ మూతబడి ఎంతకాలమైందో ఎవరికీ గుర్తు లేదు. ఆ గొంతు పునాస హెడర్ మీద ఉంది. మంగళవారం పొద్దున్న పునాస హెడర్ తీసేశారు.

మైకు పోయిందనుకుంది సన్యాసమ్మ. వేలితో కొట్టి చూస్తే టకటకా అంది. ఊదితే బుస్సుమంది. మాట్లాడితే ఏమీ లేదు. ఆవిడకి తన మాట తనకి శుభ్రంగా వినబడుతోంది. ఊరికి మాత్రమే వినబడడం లేదు. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారే, అది ఇదే. పార్వతీపురం వెళ్ళాల్సినవాళ్ళు సాలూరు బస్సు ఎక్కారు. సాలూరు వెళ్ళాల్సినవాళ్ళు పాలకొండ చేరి, అక్కడ గాలి బాగుందని రెండు రోజులు ఉండిపోయారు.

నిజం చెప్పాలంటే మొదటి పూట చిన్నంనాయుడికి ఇల్లు కాస్త హాయిగానే ఉంది. ఎదురుగా పెళ్ళాం చేతులు తిప్పుతూ తిడుతోంది, ఒక్క ముక్క వినబడడం లేదు, చారు వేడిగా ఉంది. రెండో పూటకి భయం వేసింది. ఆవిడ అతనికి మేనమామ కూతురు. చిన్నప్పటినుంచీ 'బావా' అని పిలిచేది. ఆ పిలుపులో ఓ విసుగు, ఆ విసుగు వెనక ఓ ఆపేక్ష. ఇప్పుడు పెదాలు బావా అంటున్నాయి, ఇల్లు మాత్రం చప్పుడు లేకుండా ఉంది. ఆ పిలుపు ఇక లేదన్న సంగతి అన్నం ముద్ద చేతిలో ఉండగా తట్టింది. ఆ ముద్ద అలాగే కంచంలో పెట్టేసి చెయ్యి కడుక్కున్నాడు.

మర్నాడు పొద్దున్నే ఇద్దరూ కమిషనరు గారి దగ్గరికి వెళ్ళారు. ఆయన మర్యాదస్తుడు. కుర్చీ వేయించి, సన్యాసమ్మని చెప్పమన్నాడు. ఆవిడ చెప్పింది. మెడ నరాలు పొంగేలా, కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ చాలాసేపు చెప్పింది. ఆయన ఎక్కడా అడ్డు రాకుండా ఓపిగ్గా చూశాడు.

"ఇంకేమైనా చెప్పాలా అమ్మా?" అని అడిగి, ఆవిడ పెదాలు ఆగాక, "అభ్యంతరం ఏదీ వినబడలేదు," అన్నాడు.

"ఆవిడ తరఫున నేను చెబుతాను సార్. నా భార్య గొంతు..."

"ఎవరి అభ్యంతరం వాళ్ళే చెప్పుకోవాలి నాయుడూ. నీ గొంతు నిక్షేపంలా ఉంది. నీకేం అభ్యంతరం?"

నాయుడు తన గొంతు తడిమి చూసుకున్నాడు. నిజంగానే అతని గొంతు నిక్షేపంలా ఉంది.

పక్క ఊరు కూనేటివలస. గెడ్డపేటలో ఏముంటే అది అక్కడా ఒక నకలు ఉంచుకోవడం ఆ ఊరి పద్ధతి. ఇక్కడ తీసేస్తే వాళ్ళూ తీసేస్తారు, కానీ నిదానంగా, శుక్రవారం తీసేస్తారు. ఆ లోపల పునాస హెడర్ అక్కడ దొరుకుతుందని నాయుడు ఆశపడి, సన్యాసమ్మని తీసుకుని బస్సెక్కాడు. దారి పొడుగునా ఆవిడ పెదాలు ఆడుతూనే ఉన్నాయి. ఊరి పొలిమేర కల్వర్టు దాటిందో లేదో, బస్సులో ఉరుము పడ్డట్టయింది.

"...పెళ్ళాం గొంతు ఏ హెడర్ మీదున్నాదో సూసుకోనోడివి నువ్వేటి హెడర్ గుమాస్తావి బావా! ఊరందరికీ కొలతలు సూసినావు, ఇంట్లోదాన్ని ఒక్కపాలి సూసినావేటి? ఎవుడో తీసీమంటే తీసీడవేనా?"

బస్సు బస్సంతా వెనక్కి తిరిగింది. కూనేటివలసలో ఇంకా పాత కెర్నలే, పునాస హెడర్ ఇంకా బీరువాలోనే ఉంది గదా. సన్యాసమ్మ తన మాట ఎదుటివాళ్ళ మొహాల్లో చూసుకుని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. చిన్నంనాయుడికి ఏడుపొచ్చింది.

"ఇంకా తిట్టు," అన్నాడు.

ముందు సీట్లో జోగమ్మ టీచరు ఉంది. గెడ్డపేటావిడే, కూనేటివలస హైస్కూల్లో లెక్కలు చెబుతుంది, రోజూ ఇదే బస్సు. ఊళ్ళో సగం మంది ఆవిడ చేతి బెత్తం దెబ్బలు తిన్నవాళ్ళే. నాయుడు చెప్పిందంతా విని కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుంది.

"పాత ఆది మోసుకొచ్చి ఎక్కడ పెడతావు? మీ కమిషనరు రెండింటికే కదా జాగా అన్నాడు. కొత్త హెడర్ నీ దగ్గరే ఉంది. దాని కొలతకి కొత్త గొంతు కుట్టాలి."

"ఎవరు కుడతారండి? కంపెనీ లేదు."

"ప్రతి ఫైలు మొదట్లో ఏదో ముద్ర వేస్తావే. ఏమని ఉంటుంది అందులో?"

"'ఎవరైనా చూడవచ్చు, ఎవరైనా మార్చవచ్చు, ఎవరైనా పంచవచ్చు' అనండి."

"మరి?"

ఉద్యోగంలో చేరిన నాటినుంచి నాయుడు ఆ ముద్ర వేస్తూనే ఉన్నాడు. అదొక వాక్యమనీ, దానికో అర్థముందనీ అతనికి ఎప్పుడూ తోచలేదు.

కోకిల కంపెనీ కుట్లు విప్పడం కుదరదు, సీలు తీస్తే గొంతే చిరుగుతుంది. కాబట్టి చెవితో విని, అచ్చం అలాంటిది మొదటినుంచీ కుట్టుకోవాలి. శుక్రవారం కూనేటివలసలోనూ పునాస పోతే ఆ గొంతు ఇక ఎక్కడా వినబడదు. వినడానికి బుధవారం సాయంత్రం, గురువారం సాయంత్రం ఉన్నాయి. సంగతి కాంప్లెక్సులో తెలిసింది. సాయంత్రానికి హమాలీలు, మజ్జిగ అమ్మే పోలమ్మ, కండక్టర్లు, రోజూ బస్సెక్కే ఉద్యోగస్తులు, పని లేనివాళ్ళు, అంతా కల్వర్టుకి అవతలి గట్టు మీద చేరారు. సన్యాసమ్మ కల్వర్టు అవతల నిలబడి, చోడిచేను వైపు తిరిగి, లేని బస్సులన్నిటినీ పేరుపేరునా పిలిచింది. గట్టు మీద కూర్చున్నవాళ్ళు చెవులు రిక్కించి, ఎవరికి పట్టుబడిన ముక్కని వాళ్ళు మనసులో పెట్టుకున్నారు. తరవాత ఇవతలికొచ్చి ప్లాట్‌ఫారం మీద కూర్చుని, నాయుడు బయట పరిచిన కొత్త హెడర్ చూసుకుంటూ కుట్టారు.

జోగమ్మ టీచరు కుట్టిన ప్రతి ముక్కా పట్టి చూసింది. "పలుకుతోంది గానీ కుట్టు అడ్డదిడ్డంగా ఉంది. విప్పి తీసుకురా," అంది ఒకడితో. "ఇది నీ గొంతులా ఉంది పోలమ్మా, ఆవిడది కాదు. కానీ బాగుంది, ఉండనీ," అంది ఇంకొకరితో. 'ప్రయాణికులకు' అనే ముందు సన్యాసమ్మ తీసుకునే చిన్న ఊపిరి ఓ హమాలీ పట్టుకొచ్చాడు. మూటలెత్తేవాడికి ఊపిరి సంగతి తెలుసు. రిటైరైన తాసిల్దారు ఒకాయన గొంతుకి ముందుమాట రాసుకొచ్చి, వద్దంటే అలిగి పాలకొండ బస్సెక్కాడు. అందరికన్నా ఎక్కువసార్లు వెనక్కి వచ్చింది చిన్నంనాయుడి పనే. ఒక్క మెమో ఎరగని మనిషి, రెండు సాయంత్రాల్లో జన్మకి సరిపడా అందుకున్నాడు. అందరూ ఊళ్ళ పేర్లు కుడుతుంటే అతను ఏ అనౌన్సుమెంటులోనూ లేని ముక్క ఒకటి కుడుతున్నాడు.

"బస్సులకి ఇదెందుకయ్యా?" అంది టీచరు, దాన్ని చేతిలోకి తీసుకుని.

"బస్సులకి కాదండి," అన్నాడు నాయుడు.

ఆవిడ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. వంకరగా ఉంది, ముడి పైకి తేలింది. ఈసారి వెనక్కి పంపకుండా అన్నిటికన్నా లోపలి వరసలో పెట్టి కలిపి కుట్టేసింది.

గురువారం రాత్రి ఆఖరి బస్సుల వేళకి గొంతు తొడిగారు. సన్యాసమ్మ మైకు ముందు కూర్చుంది. ప్లాట్‌ఫారాల మీద జనం కదలకుండా నిలబడ్డారు. డ్రైవర్లు ఇంజన్లు ఆపారు. ఆవిడ నోరు తెరిచింది, మూసింది. ఎంత ఆశపడ్డా మళ్ళీ ఆ నిశ్శబ్దమే వస్తుందేమోనని మైకుని మరోసారి వేలితో కొట్టి చూసుకుంది. నాయుడు వెళ్ళి పక్కన నిలబడ్డాడు.

"బావా, మైకు కొంచిం ఇటు లాగు," అంది సన్యాసమ్మ.

కాంప్లెక్సంతా వింది. మైకు లాగడానికి నాయుడికి కళ్ళు కనబడలేదు, కండక్టరెవరో లాగాడు. తరవాత పార్వతీపురం బస్సు మూడో నెంబరు ప్లాట్‌ఫారం మీద ఉందని ఆవిడ చెప్పింది. మంగళవారం నుంచి అక్కడే ఉన్న ఆ బస్సు జనం ఎక్కాక కదిలింది. ఆ గొంతు పాతదాని లాగే ఉంది గానీ పాతది కాదు. 'ర' దగ్గర జోగమ్మ టీచరు బెత్తం వినబడుతుంది. 'మజ్జివలస' అన్నప్పుడల్లా పోలమ్మ మజ్జిగ కేక తొంగి చూస్తుంది. ఎవరి ముక్క వచ్చినప్పుడు వాళ్ళు కాస్త నిటారుగా నిలబడుతున్నారు.

కమిషనరు గారు మర్నాడు వచ్చి సన్యాసమ్మకి శాలువా కప్పారు. ఇదే కదా ప్రజల భాగస్వామ్యం అంటే, అన్నారు. ఎవరి గొంతు వాళ్ళే కుట్టుకోగలిగినప్పుడు ఇక సెక్షను ఎందుకని ఆ మధ్యాహ్నమే చావిడికి తాళం వేయించి, తలుపు మీద బోర్డు పెట్టించారు. 'మీ గొంతు, మీ బాధ్యత.' నాయుణ్ణి కొళాయిల సెక్షనుకి వేశారు. వచ్చే మంగళవారం మళ్ళీ కెర్నల్ మారుతుందని కూడా చెప్పి వెళ్ళారు. ఎవరూ ఎందుకని అడగలేదు. సోమవారం సాయంత్రం ప్లాట్‌ఫారం మీద కలుద్దామనుకుని ఇళ్ళకి పోయారు. ఎవరి గొంతు ఏ ఆది మీదుందో ముందే చూసుకోవడం ఇప్పుడు ఊరికి అలవాటైపోయింది. అమావాస్య ముందు ఇల్లు దులుపుకున్నట్టే ఇదీను.

ఆ రాత్రి అన్నాలప్పుడు నాయుడు అడిగాడు. "ఏమే, ఇప్పుడిది ఎవరి గొంతంటావు?"

"ఎవుల్దైతే ఏటి బావా, వినబడతన్నాది గదా," అంది సన్యాసమ్మ, చారు పోస్తూ.

సోమవారం సాయంత్రం సామాన్ల గది పక్క బెంచీ మీద ఓ ముసలాయన కూర్చుని ఉన్నాడు. ఎప్పుడూ అక్కడే ఉంటాడు, ఎప్పుడూ దవడలు ఆడుతూనే ఉంటాయి. ఆకూ వక్కా నములుతున్నాడనుకునేవారు. ఇన్నేళ్ళూ సన్యాసమ్మ కూడా అలాగే అనుకుంది. ఆ రోజు మాత్రం ఆవిడ మైకు కట్టేసి ఆయన దగ్గరికి వెళ్ళి, వంగి నోట్లోకి చూసింది. నోట్లో ఆకూ లేదు, వక్కా లేదు.

"ఎన్నాల్లనుంచి తాతా?" అంది.

ఆయన చెప్పాడు. ఆవిడకి వినబడలేదు. కానీ కళ్ళవెంట నీళ్ళు కారుతుండగా ఆయన చెబుతూనే ఉన్నాడు, అడిగినవాళ్ళు దొరికారు గదా. కల్వర్టు దాటించి చూశారు, లాభం లేదు. కూనేటివలసా మారిపోయింది. ఆయనది ఇంకా పాత హెడర్, తొలకరికన్నా ముందుది, నాయుడు మూటలు కట్టడం మొదలెట్టక ముందే పోయింది. అది ఏ ఊరి బీరువాలో మిగిలి ఉందో, ఏ పొలిమేర దగ్గర ఆయన మాట పైకొస్తుందో ఎవరికి తెలుసు? జోగమ్మ టీచరు ఓ బస్సు మాట్లాడమంది. అంతా ఎక్కారు.

కిటికీ పక్కన కూర్చున్న నాయుడు ముందుగా గమనించాడు. గట్టు మీద చీపుళ్ళ మోపుతో ఒకామె, రైలు గేటు దగ్గర ఒకతను, అరుగు మీద చుట్ట పట్టుకున్న ముసలమ్మ. అందరి దవడలూ ఆడుతున్నాయి. చుట్ట వెలిగించి లేదు.

"ఆపు బాబూ, ఈల్లనీ ఎక్కించు," అంది సన్యాసమ్మ డ్రైవరుతో.

డ్రైవరు ఆపాడు. మళ్ళీ ఆపాడు. బస్సు నిండిపోయాక సన్యాసమ్మ ముందుకొచ్చి, కడ్డీ పట్టుకుని నిలబడి, ఓ చిన్న ఊపిరి తీసుకుంది.

"ప్రయాణికులకు విజ్ఞప్తి. ఎవరూ మాటలు ఆపకండి. వినబడిన చోట దిగుదాం."

కండక్టరు రైట్ రైట్ అన్నాడు.